నెల్లిమర్ల నుంచి కోనాడ దాకా చంపావతిలో పడవల మీద: పద్నాలుగు మందితో వెళ్లొచ్చా?

అడిగిన ప్రశ్న, కుదించి: "మాది విజయనగరం జిల్లా నెల్లిమర్ల. నాన్నగారు జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఆఫీసు వాళ్లు, చిన్ననాటి స్నేహితులు కలిపి 14 మందిమి. గాలి నింపే కయాక్‌లు ఏడు దొరుకుతాయి, ఒక్కోదానిలో ఇద్దరు. కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే నెల్లిమర్లలో దిగి, చంపావతి ఏటి మీదుగా సాయంత్రానికి కోనాడలో సముద్రం దగ్గర తేలాలని ప్లాన్. దారిలో వనభోజనం. నలుగురికే ఈత వచ్చు. వీలవుతుందా? మిల్లు ఊరు కదా, నీళ్లు మురికిగా ఉంటాయేమోనని కొందరు వెనకాడుతున్నారు."

కోనాడ దాకా వద్దు. నెల్లిమర్ల దగ్గర నాలుగైదు కిలోమీటర్లు మాత్రం, నీళ్లు సరిపడా ఉన్న రోజు చూసుకుని, తప్పకుండా వెళ్లండి. మనం రోజూ వంతెన మీద నుంచి చూసే ఊరు ఏటి మధ్యలోంచి చూస్తే వేరే ఊరిలా ఉంటుంది. ఆ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. ఇరవై ఏళ్లకు పైగా నాగావళిలో, వంశధారలో, వానలు బాగున్న ఏడాది చంపావతిలో చిన్నా పెద్దా గుంపుల్ని తిప్పుతున్నాను. తిప్పిన వాటి కంటే ఒడ్డున నిలబడి "ఈరోజు వద్దు, ఇంటికి పోదాం" అన్నవే ఎక్కువేమో.

ముందు లెక్క చూడండి. మ్యాపులో నెల్లిమర్ల నుంచి కోనాడకు సూటిగా గీత గీస్తేనే సుమారు 20 కిలోమీటర్లు. ఏరు గీత గీసినట్టు పోదు, వంపులతో కలిపితే ఇంకా పెరుగుతుంది. కొత్తవాళ్లు ఇద్దరు గాలి పడవలో కూర్చుని తెడ్డు వేస్తే నిలకడ నీటిలో గంటకు మూడు కిలోమీటర్లు వెళ్తే గొప్ప. పద్నాలుగు మంది ఉన్న గుంపు దానికన్నా నిదానం. ఒకరికి దాహం వేస్తుంది, ఒకరి టోపీ ఎగిరిపోతుంది, ఒక పడవ గుండ్రంగా తిరుగుతుంటుంది, మిగతా ఆరు దానికోసం ఆగుతాయి. ఆగడాలన్నీ కలుపుకుంటే గంటకు రెండు కిలోమీటర్లు అనుకోండి. నవంబరులో మన దగ్గర సాయంత్రం అయిదుంబావు దాటితే సూర్యుడు దిగిపోతాడు. ఆరింటికి దిగినా వెలుతురు ఉండేది పదకొండు గంటలు. అందులో వనభోజనం కూడా చేయాలంటున్నారు. చీకట్లో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, పది మంది ఈత రానివాళ్లతో ఉన్నట్టు ఒక్కసారి ఊహించుకోండి.

రెండోది ఏటి స్వభావం. చంపావతి నాగావళి కాదు. నాగావళి కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తుంది. ఇక్కడ చినుకు లేకపోయినా ఒడిశాలో వాన పడితే రెండో రోజుకి మన దగ్గర నీళ్ల రంగు మారుతుంది. చంపావతి మన ఆండ్ర కొండల్లో పుట్టి మన జిల్లాలోనే సముద్రంలో కలిసే చిన్న ఏరు. పైన ఆండ్ర రిజర్వాయరు, కింద డెంకాడ ఆనకట్ట ఉన్నాయి. వాన పడితే ఏరు, మానితే ఇసుక. ఏడాదిలో ఎక్కువ నెలలు దీంట్లో పడవ కాదు, సైకిల్ తొక్కొచ్చు.

అందుకే "కార్తీకంలో ఫలానా ఆదివారం" అని ముందే తేదీ పెట్టుకోవడం ఈ ఏటి విషయంలో కుదరదు. నీళ్లు చూసి రోజు పెట్టుకోవాలి. పెద్ద వాన తగ్గిన వెంటనే ఏరు ఎర్రగా, కొమ్మలూ దుంగలూ మోసుకుంటూ వస్తుంది. అప్పుడు దగ్గరికి కూడా వెళ్లకండి. పది పదిహేను రోజులు ఆగితే చీలమండ లోతుకి పడిపోతుంది, పడవలు మోసుకుంటూ నడవాల్సిందే. ఈ రెండింటి మధ్య నాలుగైదు రోజులు మంచి నీళ్లుంటాయి. పద్నాలుగు మందీ ఆ నాలుగైదు రోజుల్లో సెలవు పెట్టగలరా అన్నదే మీ అసలు సమస్య. పెట్టలేకపోతే ఎనిమిది మందితోనే వెళ్లండి. ఎనిమిది మంది గుంపు పద్నాలుగు మంది గుంపు కంటే అన్ని రకాలుగా సుఖం. ఈ మాట నేను అనుభవం మీద చెప్తున్నా, మీ స్నేహితులు నన్ను తిట్టుకున్నా సరే.

నీళ్లు సరిపోతాయో లేదో తెలుసుకోడానికి యాప్‌లు అక్కర్లేదు. ఇద్దరు మనుషులు ఎక్కిన గాలి పడవ జానెడు లోతులో తేలుతుంది. రాళ్లూ ఇసుక దిబ్బలూ తగలకుండా పోవాలంటే పాయ పొడవునా కనీసం మోకాలి లోతు ఉండాలి. ఇక వేగం. ఒడ్డు మీద ఇరవై అడుగులు కాదు, ఇరవై మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతండి. పై కర్రకి ఎదురుగా, ఏటి నడిమి పాయలో పడేలా ఒక నారింజ తొక్కో కొబ్బరి డొక్కో విసిరి, అది కింది కర్ర దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఇరవై సెకన్లకు తక్కువ పడితే కొత్తవాళ్లతో దిగకండి. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, ఒడ్డున మామూలుగా నడుస్తున్న మిమ్మల్ని దాటి ఆ తొక్క ముందుకెళ్లిపోతుంటే ఆ రోజుకి ఆ ఏరు మీది కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మన ఏళ్లలో పడవలో కూర్చున్నవాడి కన్నా పడవ దిగి లాగేవాడికే ప్రమాదం ఎక్కువ.

కొన్నేళ్ల క్రితం నాగావళిలో ఒక గుంపుని తీసుకెళ్లాను. పదకొండు మంది. పదిన్నరకి ఇసుక దిబ్బ అడ్డొచ్చింది. నీళ్లు మోకాలి లోతే కదా అని అందరం దిగి పడవలు లాగుతున్నాం. ఎండ గట్టిగా ఉంది. ఒక కుర్రాడు, మంచి ఈతగాడే, ఉక్కపోస్తోందని లైఫ్ జాకెట్ విప్పి పడవ ముక్కుకి కట్టేశాడు. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. మోకాలి లోతు నీళ్లలో జాకెట్ ఎందుకులే అని నాకూ అనిపించింది. నాలుగు అడుగులు వేశాడు, అయిదో అడుగులో మనిషి లేడు. కేక లేదు, చప్పుడు లేదు. నీలం టోపీ ఒకటి నీళ్ల మీద మెల్లగా తిరుగుతోంది, అంతే. అది ఇసుక తవ్వి తీసుకుపోయిన గొయ్యి. పైన నీళ్లు అంతటా ఒకే రంగులో, ఒకే నునుపుతో ఉన్నాయి. గొయ్యి అంచు ఇసుక కాలు పెట్టగానే జారుతుంది, ఎక్కుదామంటే ఎక్కనివ్వదు. వాడు రెండోసారి పైకి వచ్చినప్పుడు పక్కవాడు తెడ్డు అందించాడు, పట్టుకున్నాడు. లాగేశాం. మొత్తం కలిపి అరనిమిషం కూడా పట్టి ఉండదు. ఒడ్డు మీద మేకలు మేపుకుంటున్న పెద్దాయన మా దగ్గరికి వచ్చి, "ఏటి బాబూ, ఇక్కడ దిగినారేటి? మొన్నే ఇసక తీసినారు. రెండు నిలువుల లోతుంటాది. అడగొచ్చు కదా" అన్నాడు. ఆ "అడగొచ్చు కదా" ఇప్పటికీ నా చెవిలో ఉంది. తప్పు పూర్తిగా నాదే.

అప్పటి నుంచి నా గుంపులో ఒకటే రూలు. పొద్దున్న ఒడ్డున వేసుకున్న జాకెట్ సాయంత్రం ఒడ్డు మీద బట్టలు మార్చుకునేటప్పుడే విప్పాలి. నడిచినా, లాగినా, పక్కకి వెళ్లి మూత్రం పోసినా ఒంటి మీదే ఉండాలి. పడవ లాగేటప్పుడు ముందు మనిషి తెడ్డుతో కింద పొడుచుకుంటూ, కాలు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడవాలి. మిగతావాళ్లు అతని వెనకే, ఒకే వరసలో రావాలి. ఒక చెయ్యి ఎప్పుడూ పడవ తాడు మీదే ఉంచాలి.

జాకెట్ అంటే నారింజ రంగులో ఉన్న ప్రతిదీ జాకెట్ కాదు. వేసుకుని బకిల్స్ బిగించాక, పక్కవాడు రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే పనికిరాదు, నీటిలో పడితే మనిషి కిందికి, జాకెట్ పైకి పోతాయి. అద్దెకిచ్చేవాళ్లు తరచుగా అందరికీ ఒకే సైజు ఇస్తారు. సన్నటివాళ్లకి తొడల మధ్య నుంచి ఒక పట్టీ కట్టండి, నవ్వితే నవ్వనివ్వండి.

ఆనకట్టలు, చెక్‌డ్యాముల గురించి. డెంకాడ ఆనకట్ట మీ దారిలో వస్తుందో రాదో ముందే కనుక్కోండి. రాకపోయినా దాని సంగతి తెలిసి ఉండాలి, ఎందుకంటే చిన్న చెక్‌డ్యామ్ కూడా అదే పని చేస్తుంది. నీరు గోడ మీద నుంచి కిందికి దూకి, అడుగుకి కొట్టుకుని, పైకి లేచి మళ్లీ గోడ వైపే తిరుగుతుంది. అందులో పడ్డవాణ్ని అలా తిప్పుతూనే ఉంటుంది, జాకెట్ ఉన్నా సరే. ఎత్తు మూడు నాలుగు అడుగులే కదా అని దూకించడం చాలామంది చేసే పొరపాటు. పై నుంచి వస్తున్నవాడికి ఆ గోడ కనపడదు, నీళ్ల చప్పుడు కూడా దగ్గరకొచ్చేదాకా వినపడదు. కనిపించేది ఒకటే. ఏరు ఉన్నట్టుండి అడ్డంగా గీత గీసినట్టు ఆగిపోతుంది, దాని వెనక చెట్ల మొదళ్లు కనపడవు, తలలు మాత్రమే కనిపిస్తాయి. అలా కనిపించిన చోట, కనీసం వంద మీటర్ల ముందే ఒడ్డుకి చేరి, పడవ నెత్తిన పెట్టుకుని నడిచి దాటండి. వంతెన స్తంభాలు కూడా అంతే, మధ్య ఖానా చూసుకుని సూటిగా పోవాలి. పడవ అడ్డం తిరిగి స్తంభానికి ఆనుకుంటే ప్రాణభయంతో అందరూ స్తంభానికి దూరంగా ఒరుగుతారు, వెంటనే నీళ్లు పడవలోకి ఎక్కి తిరగబడుతుంది. స్తంభాన్ని కౌగిలించుకున్నట్టు దాని వైపే ఒరగాలి. నెల్లిమర్ల దగ్గర ఏటిలో విజయనగరానికి మంచినీళ్లు తోడే ఊటబావులు కూడా ఉన్నాయి. వాటి సిమెంటు కట్టడాలకి ఎడంగా పోండి, వాటి మీద ఎక్కి ఫొటోలు దిగకండి. ఒక ఊరు తాగే నీళ్లవి.

ఇక మీవాళ్ల భయం, మురికి. మిల్లు ఊరు అనగానే అందరికీ మిల్లు గొట్టమే కళ్ల ముందు కనిపిస్తుంది. నేను చూసినంతలో పడవవాడికి ఊరి దగ్గర తగిలే ఇబ్బందులు వేరు. మొదటిది ఇళ్ల డ్రైన్లు. ఊళ్లోంచి వచ్చే ప్రతి కాలువా ఏటిలోనే కలుస్తుంది. అవి కలిసే చోట నురగ, నల్లటి చార, వాసన ఉంటాయి. ఆ చార ఒడ్డు వెంబడే చాలా దూరం పోతుంది, నడిమి పాయలో కలవడానికి టైం పడుతుంది. కాబట్టి ఊరు దాటేదాకా ఎదుటి ఒడ్డు పట్టుకుని పోతే సగం సమస్య తీరుతుంది. ఏ ఒడ్డు నుంచి ఎక్కువ డ్రైన్లు కలుస్తున్నాయో ముందు రోజు నడిచి చూసుకోండి.

రెండోది చాలామందికి తట్టదు. వినాయకుడు. వినాయక చవితికీ దసరాకీ నిమజ్జనం చేసిన విగ్రహాలు కరిగిపోతాయి, లోపలి చట్రాలు కరగవు. వెదురు బద్దలు, ఇనప ఊచలు, మేకులు కొట్టిన చెక్కలు నీళ్ల అడుగున ఇసుకలో నిలబడి ఉంటాయి. మీరు వెళ్లేది సరిగ్గా ఆ తర్వాతి నెలలో, పైగా గాలి పడవల్లో. నిమజ్జనం జరిగిన రేవు ఏదో ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు, ఆ చోట నడిమి పాయ వదలకండి, దిగకండి. అతుకుల సామాను, పంపు ఒక పడవలో తప్పనిసరి. చెప్పులు వద్దు, పాత బూట్లు వేసుకోండి, బురదకి పోయినా బాధ ఉండదు.

మూడోది గోగు. మీ నాన్నగారిని అడగండి, నాకన్నా బాగా చెప్తారు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నార కోసం పెంచే గోగు కోశాక కట్టలు కట్టి చెరువుల్లో, గెడ్డల్లో, ఏటి అంచుల్లో రెండు మూడు వారాలు ఊరేస్తారు. పైన రాళ్లో మట్టి పెళ్లలో బరువు పెడతారు. అప్పుడు చుట్టూ నీళ్లు టీ డికాషన్ రంగుకి తిరుగుతాయి, కుళ్లిన వాసన వస్తుంది. కొత్తగా చూసినవాళ్లు ఫ్యాక్టరీ వదిలిన మందు నీళ్లేమో అనుకుంటారు. అది నార ఊడటానికి గోగు బెరడు కుళ్లుతున్న వాసన. ఆ నీళ్లలో గాలి తగ్గిపోయి చేపలు పైకి తేలుతుంటాయి కూడా. ముట్టుకుంటే ప్రమాదమేం లేదు గానీ ఆ కట్టల మీదికి పడవ ఎక్కించకండి. ఒక కట్ట కొట్టుకుపోతే ఒక రైతు కష్టం కొట్టుకుపోయినట్టే. మిల్లు ఊరిని ఏటిలోంచి చూడాలని వెళ్తున్నారు కదా, మిల్లులోకి వెళ్లే నార ఎక్కడ మొదలవుతుందో కూడా చూసినట్టవుతుంది. మీవాళ్లకి అది చూపించి చెప్పండి, నేనైతే అక్కడ పది నిమిషాలు ఆపుతాను.

నాలుగోది వలలు. నైలాన్ వల నీళ్లలో కనపడదు. పైన తేలే థర్మాకోల్ ముక్కలో, ఖాళీ ప్లాస్టిక్ సీసాలో వరసగా కనిపిస్తే అక్కడ వల ఉన్నట్టు. తెడ్డు చిక్కుకుంటే లాగొద్దు, వెనక్కి తీయండి. ముందు పడవలోనూ చివరి పడవలోనూ ఒక్కో చిన్న కత్తి ఉండాలి, అది మనిషి చిక్కుకుంటే వాడటానికి. వల తెగితే వల వేసినాయన్ని వెతికి డబ్బులిచ్చి రండి. మేం ఒకసారి అలా ఇస్తే ఆయన సగం తిరిగిచ్చేసి, కింద ఎక్కడెక్కడ గోతులున్నాయో వేలితో ఇసుకలో గీసి చూపించాడు. ఆ గీత విలువ వల ఖరీదు కన్నా ఎక్కువ.

ఊరి దగ్గర ఏరంటే జనం వాడుకునే చోటు. బట్టలు ఉతికే రేవులుంటాయి, ఆడవాళ్లు స్నానాలు చేసే రేవులుంటాయి, కార్తీకంలో తెల్లవారకుండానే దీపాలు వదిలేవాళ్లుంటారు. ఒడ్డున శ్మశానం కూడా ఉండొచ్చు. ఈ చోట్లలో ఫోన్లు లోపల పెట్టేయండి, పాటలు ఆపేయండి, ఎదుటి ఒడ్డు నుంచి చప్పుడు లేకుండా పోండి. తెల్లవారుజామున స్నానాల టైంలో అసలు దిగకండి, ఎనిమిదింటికి మొదలుపెట్టండి. గేదెలు ఏటికి అడ్డంగా ఈదుతుంటే అవి దాటేదాకా ఆగాలి, వాటికి మన రంగు రంగుల పడవలంటే బెదురు.

ఆరోగ్యం సంగతి క్లుప్తంగా. నోట్లోకి నీళ్లు పోనివ్వకండి, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకునే సరదా ఊరి దగ్గర వద్దు. ఒంటి మీద గాయాలుంటే వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసుకోండి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో చూసుకోండి. అన్నం ముందు సబ్బుతో చేతులు కడగడం మంచినీళ్లతోనే, ఏటి నీళ్లతో కాదు. వెళ్లొచ్చాక రెండు మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరు అడగకపోయినా "ఏటిలో దిగాను" అని చెప్పమనండి. లెప్టోస్పైరోసిస్ అని ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరం ఒకటుంది. మొదట్లోనే పట్టుకుంటే మామూలు మందులతో తగ్గిపోతుంది, ఆలస్యమైతే కిడ్నీ, లివర్ దాకా పోతుంది.

గుంపు ఎలా నడపాలి? ముందు పడవలో ఏటిని చదవగలిగినవాడు, చివరి పడవలో మీ అందరిలో బలమైన ఈతగాడు. ముందు పడవని ఎవరూ దాటకూడదు, చివరి పడవ వెనక ఎవరూ ఉండకూడదు. ఈత రానివాళ్లని ఇద్దర్ని ఒకే పడవలో పెట్టకండి. మీ దగ్గర ఉన్నది నలుగురు ఈతగాళ్లు, ఏడు పడవలు. అంటే మూడు పడవలు ఈతగాడు లేకుండానే పోతాయి. అందుకే ఎనిమిది మంది అంటున్నాను, నాలుగు పడవలకు నలుగురు సరిపోతారు. ఇంకొక మాట, భార్యాభర్తల్ని ఒకే పడవలో కూర్చోబెట్టకండి. తెడ్డు ఎటు వేయాలనే దాని మీద మొదలైన గొడవ పాత పెళ్లి సంబంధాల దాకా పోవడం నేను కళ్లారా చూశాను.

అందరి మెళ్లో ఒక విజిల్ ఉండాలి. ఒకసారి ఊదితే అందరూ నా వైపు చూడండని, మూడుసార్లు ఊదితే ప్రమాదమని అర్థం. పదిహేను ఇరవై మీటర్ల తేలే తాడు ముందూ వెనకా ఒక్కోటి ఉంచుకోండి. పడవ తిరగబడితే ఏం చేయాలో ముందు వారమే ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో ప్రాక్టీస్ చేయించండి. ప్రతి ఒక్కరూ కావాలనే బోర్లా పడాలి, మళ్లీ ఎక్కాలి. ఏటి వేగంలో పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్లు ఏరు పారే వైపుకి చాపుకుని, మెల్లగా ఒడ్డుకి ఈదాలి. లేచి నిలబడటానికి ప్రయత్నించకూడదు, రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే నీళ్లు మనిషిని ముందుకి పడేస్తాయి. పూల్‌కి రానని ఎవరైనా అంటే వాళ్లని వనభోజనానికి వంటవాళ్లుగా నేరుగా ఒడ్డుకి పంపేయండి, నిజంగానే వాళ్ల అవసరం కూడా ఉంటుంది.

మందు సంగతి మీరు రాయలేదు, నేనే రాస్తున్నాను. పడవలు గాలి తీసి, మడిచి, కారెక్కించాకే. దాని ముందు ఒక్క బీరు కూడా వద్దు. దీనికి ఒప్పుకోని ఒక్కడున్నా వాణ్ని వదిలేసి వెళ్లండి.

తుఫాన్ల మాట మన జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా? హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11, గులాబ్ 2021 సెప్టెంబరు 26. మీరు ఎంచుకున్న కాలం సరిగ్గా బంగాళాఖాతం కదిలే కాలం. వారం ముందు నుంచే వాతావరణ శాఖ బులెటిన్ చూస్తుండండి. అల్పపీడనం అన్న మాట వినపడితే వాయిదా వేయండి. ముందు రోజు ఇరిగేషన్ వాళ్లని అడిగి పైన గేట్లు ఎత్తే ఆలోచన ఉందా కనుక్కోండి. లోకల్ పోలీస్ స్టేషన్‌లో ఎంతమంది, ఎక్కడ నుంచి ఎక్కడికి, ఎన్నింటికి అని కాగితం మీద రాసిచ్చి అనుమతి తీసుకోండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి పదుల మంది పోయాక, ఏటిలో గుంపు అంటే అధికారులు కంగారు పడతారు. కాదంటే వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి, ప్లాన్ కాగితం చూపించి మాట్లాడితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

సముద్రం దాకా తేలాలన్న కోరిక అంత బలంగా ఉంటే, అది వేరే రోజు, వేరే ఏటిలో తీర్చుకోండి. శ్రీకాకుళంలో గుడివీధి కోటేశ్వరుడి గుడి వైపు నుంచి నాగావళిలో కళ్లేపల్లి దాకా సుమారు పది పన్నెండు కిలోమీటర్లు. చంపావతి కన్నా అక్కడ నీళ్లు ఎక్కువ రోజులు నిలుస్తాయి. కింది భాగంలో పోటూ పాటూ చూసుకోవాలి. పాటు మొదలైనప్పుడు బయల్దేరితే ఏరే మోసుకుపోతుంది, పోటుకి ఎదురు పడితే తెడ్డు ఎంత వేసినా ఒడ్డున ఉన్న తాటిచెట్టు కదలదు. పోటు టైం రోజుకి ముప్పావుగంట పైన ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి పోయిన ఆదివారం టైం ఈ ఆదివారానికి పనికిరాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే గాలి పడవలు కాగితం పడవల్లా తిరుగుతాయి, పన్నెండు లోపు ముగించాలి. మొగకి కిలోమీటరు ముందే ఒడ్డెక్కేయండి. ఏరు సముద్రంలో కలిసే చోట పాటు లాగిందంటే వెనక్కి రావడం మన చేతిలో ఉండదు. మిగతా దూరం ఇసుకలో నడిచి వెళ్లి కళ్లేపల్లి మణినాగేశ్వరుడికి దణ్ణం పెట్టుకోండి. కానీ ఇది చంపావతిలో ఒకసారి సవ్యంగా తిరిగొచ్చాకే.

చంపావతికి మాత్రం నా ప్లాన్ ఇది. ఊరికి రెండు కిలోమీటర్లు ఎగువన ఏటిలో దిగండి, ఊరు దాటాక రెండు కిలోమీటర్లకి ఒడ్డెక్కండి. ముందు రోజు ఆ దూరం మొత్తం ఇద్దరు ఒడ్డు వెంబడి నడవాలి, కనిపించిన ప్రతివాణ్నీ గోతుల గురించి అడగాలి. ఒక కారు ఏటిలో దిగే చోట, ఒక కారు ఒడ్డెక్కే చోట ఉంచండి. ఎనిమిదింటికి దిగితే పదకొండున్నరకల్లా అన్నం దగ్గర ఉంటారు. అక్కడ ఉసిరి చెట్టు దొరికితే సరే, దొరక్కపోతే మామిడి తోట చాలు, తోట యజమానిని ముందే అడగండి. మీ నాన్నగారిని అక్కడికి కారులో తీసుకురండి. ఏటిలోంచి మీరు చూసినవి ఆయనకి చెప్తుంటే, మిల్లు గురించి మీరు ఎప్పుడూ వినని కబుర్లు ఆయనా చెప్తారు.

ఈ నెలాఖరులో ఒకసారి నెల్లిమర్ల వెళ్లి, వంతెన మీద నుంచి పైకి ఒకటి, కిందికి ఒకటి ఫొటో తీయండి. స్తంభం మీద తడి గీత కనపడేలా ఇంకొకటి. కొబ్బరి డొక్క ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాయండి. ఆ మూడు ఫొటోలూ, ఆ సెకన్లూ ఉంటే ఎనిమిది మందా, నలుగురా, లేక వచ్చే ఏడాదా అన్నది నేను చెప్తాను.